ఘాట్ దిగుతుంటే మెత్తబడిన బ్రేకు: తేమ, వేడి, ఆరేళ్ల పాత హోస్

2023లో వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒక మోటార్‌సైకిల్ ముందు బ్రేకు ఫిర్యాదుతో నా షెడ్డుకు మూడుసార్లు వచ్చింది. మొదటిసారి నేను చేసిన పనిలో పెద్ద తప్పుంది. రెండోసారి చేసింది సగం పని. మూడోసారికి గాని అసలు సంగతి పట్టుబడలేదు. బ్రేకు విషయంలో అలా మూడుసార్లు తిప్పించుకోవడం చిన్న విషయం కాదు. ఆ మధ్యలో ఆ బండి మీద ఇద్దరు మనుషులు కొండ దిగారు. అందుకే దీన్ని వివరంగా రాసి పెడుతున్నాను. యజమాని ఒప్పుకున్నారు. ఆయన పేరు, ఉద్యోగం, బండి కంపెనీ చెప్పడం లేదు. వాటితో ఈ కేసుకు పని కూడా లేదు.

బండి 2017లో కొన్నది. 150 సీసీ, ముందు డిస్క్ బ్రేకు, వెనుక డ్రమ్. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లేదు. 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి కదా, ఇది అంతకు ముందుది. 38 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ ఆయిల్, చెయిన్, టైర్ల విషయంలో యజమాని చాలా శ్రద్ధగల మనిషి. బ్రేక్ ఆయిల్ మాత్రం కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా పూర్తిగా మార్చలేదు. తగ్గినప్పుడు పైనుంచి పోయించారు, అంతే. ఆ ఆయిల్‌ను ముందు చక్రానికి చేర్చే రబ్బరు గొట్టం, అంటే హోస్ కూడా కంపెనీ నుంచి వచ్చినదే.

ఆయన ఉండేది విశాఖలో, సముద్రానికి దగ్గరగా. బండి రాత్రంతా ఆరుబయటే ఉంటుంది. పదిహేను రోజులకోసారి వాటర్ వాష్ చేయిస్తారు. నెలకు ఒకటి రెండుసార్లు భార్యతో కలిసి శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లి, అదే దారిలో తిరిగి వస్తారు. ఈ నాలుగు వివరాలూ మొదటి రోజే నా చెవిన పడ్డాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపి ఆలోచించడానికి మాత్రం నాకు నెల రోజులు పట్టింది.

వచ్చిన సమస్య

అరకు నుంచి తిరిగి వస్తూ, అనంతగిరి దాటి కొంత దూరం దిగాక, రోడ్డు పక్కన టీ కోసం ఆగారు. అప్పటిదాకా బ్రేకు బాగానే ఉంది. పది నిమిషాల తర్వాత బయలుదేరారు. మొదటి మలుపు దగ్గర ముందు బ్రేకు లీవర్ నొక్కితే అది ఏ అడ్డూ లేకుండా హ్యాండిల్ పిడి దాకా వచ్చేసింది. రెండోసారి, మూడోసారి గబగబా నొక్కితే కొద్దిగా పట్టింది. వెనుక బ్రేకు తొక్కి, గేరు తగ్గించి, కొండవైపు మట్టిలోకి దించి ఆపగలిగారు. దెబ్బలేమీ తగల్లేదు. అరగంట అక్కడే కూర్చున్నారు. లేచి చూస్తే లీవర్ మళ్లీ గట్టిగా, ఎప్పటిలాగే ఉంది.

కిందికి వచ్చాక ఒక మెకానిక్‌కు చూపించారు. అతను నొక్కి చూసి లోపమేమీ లేదన్నాడు. అయినా ప్యాడ్లు మార్చి, హ్యాండిల్ మీది డబ్బాలో బ్రేక్ ఆయిల్ కొంచెం పోసి పంపాడు. తర్వాతి ప్రయాణంలో మళ్లీ అదే జరిగింది. అప్పుడు నా దగ్గరికి వచ్చారు. వస్తూనే, "అన్నా, రబ్బరు పైపు తీసేసి స్టీలు అల్లిక ఉన్న పైపు వేసేయండి. తేమ లోపలికి పోదట, వీడియోల్లో చూశాను" అన్నారు.

నేను వేయనన్నాను. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, చివరికి ఆ పైపే వేసినా సరే. జబ్బు ఏమిటో తెలియకుండా కొత్త భాగం బిగిస్తే, లక్షణం పోయినా ఎందుకు పోయిందో మనకు తెలియదు. మళ్లీ తిరగబెడితే ఎక్కడ మొదలు పెట్టాలో కూడా తెలియదు.

చల్లారితే మాయమయ్యే జబ్బు

వేడిగా ఉన్నప్పుడు లీవర్ మెత్తబడి, చల్లారాక దానంతట అదే గట్టిపడిందంటే, లోపల ఆవిరి పుట్టిందన్న మాట. బ్రేక్ ఆయిల్ అని మనం పిలిచేది నిజానికి నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని నీటిని పీల్చుకోవడం దాని స్వభావం. మూత తీసినప్పుడల్లా పీలుస్తుంది. రబ్బరు హోస్ గోడల్లోంచి కూడా నీటి ఆవిరి కొద్దికొద్దిగా లోపలికి చేరుతూనే ఉంటుంది. బ్రేక్ ద్రవాల రకాలను డాట్ 3, డాట్ 4 అని పిలుస్తారు. సీసా తెరిచినప్పుడు డాట్ 4 ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక దాని కనీస హద్దు 155 డిగ్రీలు. డాట్ 3 అయితే ఇవి 205, 140. అంతకంటే ఎక్కువ నీరు చేరితే హద్దు ఇంకా కిందికి జారుతుంది.

ద్రవం నొక్కితే నలగదు కాబట్టే మన చేతి బలం ప్యాడ్ దాకా చేరుతుంది. ఆవిరి నలుగుతుంది. క్యాలిపర్‌లో (ప్యాడ్లతో డిస్క్‌ను పట్టే భాగంలో) చిన్న ఆవిరి బుడగ పుడితే చాలు, లీవర్ ప్రయాణమంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది. చల్లారగానే ఆవిరి మళ్లీ ద్రవంలో కలిసిపోతుంది. అప్పుడు ఏ మెకానిక్ నొక్కి చూసినా ఏ లోపమూ కనబడదు. కింద చూసిన మెకానిక్‌ను తప్పుపట్టలేను. చల్లారిన బండి అతనికి వేరే సాక్ష్యం ఇవ్వలేదు.

టీ తాగి లేచాకే ఎందుకు జరిగిందన్నది ఆయన్ను బాగా తికమక పెట్టింది. బ్రేకు వాడకుండా పది నిమిషాలు ఆగాను కదా, చల్లబడాలి కదా అన్నారు. బండి కదులుతున్నంతసేపు గాలి తగిలి డిస్క్ చల్లబడుతుంది. ఆగాక ఆ గాలి ఆగిపోతుంది. డిస్క్‌లో, ప్యాడ్లలో దాచుకున్న వేడి నెమ్మదిగా, ప్యాడ్లను నెట్టే పిస్టన్ గుండా ద్రవంలోకి పాకుతుంది. ఆగిన తర్వాత కొన్ని నిమిషాలకు క్యాలిపర్‌లోని ద్రవం నడుస్తున్నప్పటికంటే వేడెక్కవచ్చు. పైగా లీవర్ వదిలేసి ఉంటాం కాబట్టి లోపల ఒత్తిడి ఉండదు. ఒత్తిడి లేనప్పుడు ద్రవం ఇంకా సులువుగా మరుగుతుంది. ఆగి చూసుకున్నాం కదా అన్న ధైర్యంతో ఎక్కే ఆ మొదటి మలుపే ప్రమాదకరమైనది. ఘాట్ రోడ్డులో ఆగి బయలుదేరే ప్రతి ఒక్కరూ బండి కదిలే ముందు లీవర్ రెండుసార్లు నొక్కి చూసుకోవాలని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

మొదటి ప్రయత్నం, నా తప్పు

హ్యాండిల్ దగ్గరి డబ్బా మూత తీశాను. ద్రవం లేత తేనె రంగులో శుభ్రంగా ఉంది. క్యాలిపర్ మీద ద్రవాన్ని బయటికి వదిలే నిపిల్‌కు సన్నటి గొట్టం తగిలించి రెండు చెంచాలంత లాగాను. బయటికి వచ్చింది డికాక్షన్ రంగు. అడుగున సన్నటి నల్లటి నలక. రెండూ ఒకే పైపుకు రెండు చివర్లు.

ఇంజిన్ ఆయిల్‌లా బ్రేక్ ఆయిల్ తిరుగుతూ ఉండదు. లీవర్ నొక్కినప్పుడు అది కదిలేది కాస్తంతే, వదలగానే అంతే వెనక్కి వస్తుంది. పైన పోసిన కొత్త ద్రవం పైనే ఉంటుంది. కింద వేడి తగిలే చోట ఆరేళ్ల కిందటి ద్రవమే ఉంటుంది. టాప్‌అప్ చేశాం కదా అనుకోవడం ఎంత పొరపాటో ఆ రెండు రంగులే చెబుతాయి. అందుకే నేను ఏ బండికైనా ముందు నిపిల్ దగ్గరే చూస్తాను. డబ్బా రంగును నమ్మను. తేమ చూసే పెన్ను లాంటి పరికరం నా దగ్గర ఉంది. అది విద్యుత్ ప్రవాహాన్ని బట్టి అంచనా వేస్తుంది కాబట్టి ద్రవం కంపెనీ మారితే లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. డబ్బాలో ముంచితే పసుపు దీపం, క్యాలిపర్ నుంచి తీసిన దానిలో ముంచితే ఎరుపు దీపం వెలిగింది. అంకెను నమ్మకపోయినా ఆ తేడాను నమ్మవచ్చు.

పాత ద్రవమంతా బయటికి తోసి, కొత్తది ఎక్కించి, గాలి తీశాను. లీవర్ గట్టిగా వచ్చింది. ఆయన సంతోషంగా వెళ్లారు. మూడు వారాల తర్వాత ఫోను వచ్చింది. "అన్నా, ఈసారి పిడి దాకా రాలేదు గాని, సగం పైకి వచ్చింది."

ఆ రాత్రి షెడ్డులో కూర్చుని నేను వాడిన సీసా తీసి చూశాను. అర లీటరు సీసా. దాని సీలు నేను తీసింది జూన్‌లో. వానాకాలమంతా అరపైన సగం ఖాళీగా, వదులు మూతతో ఉంది. దానిలో పెన్ను ముంచితే పసుపు దీపం వెలిగింది. తేమ తీసేయడానికి నేను ఎక్కించిన ద్రవంలోనే తేమ ఉంది. పాతదానికంటే నయం కాబట్టి లక్షణం తగ్గింది, పోలేదు. ఎప్పుడూ రానంత సిగ్గు ఆ సీసా చూసినప్పుడు వచ్చింది. ఆ రోజు నుంచి నా షెడ్డులో పెద్ద సీసాలు లేవు. చిన్నవి కొంటాను, బండి ముందే సీలు తీస్తాను, మిగిలింది వాడను. ఖర్చు కొంచెం ఎక్కువే. దాన్ని బిల్లులో వేసి, ఎందుకో చెబుతాను.

రెండో ప్రయత్నం

కొత్త సీసాతో మళ్లీ మొత్తం మార్చాను, డబ్బు తీసుకోకుండా. ఈసారి డబ్బా మూతను కూడా సరిగ్గా చూశాను. మూత కింద ముడతల రబ్బరు డయాఫ్రమ్ ఒకటి ఉంటుంది. ప్యాడ్లు అరిగి ద్రవం మట్టం తగ్గేకొద్దీ అది కిందికి సాగుతుంది. దాని పైకి గాలి రావడానికి మూతలో సన్నటి చీలిక ఉంటుంది. ద్రవానికి, బయటి గాలికి మధ్య అడ్డుగోడ అదొక్కటే. ఈ బండిలో దాని అంచు ఒక చోట మడతపడి బిగిసింది. అంతకు ముందు ఎవరో తొందరలో మూత బిగించి ఉంటారు. ఆ మడత దగ్గర డబ్బా అంచు మీద రెండు నీటి బొట్లు ఆవగింజల్లా మెరుస్తూ కనిపించాయి. వాటర్ వాష్‌లో గన్ను హ్యాండిల్ మీదికి పెట్టి కొడితే నీరు ఆ చీలికలోంచి దూరి, మడత సందులోంచి లోపలికి దారి చేసుకుంది. కొత్త డయాఫ్రమ్ వేశాను. రబ్బరు పైపును నిందిస్తూ వచ్చిన మనిషికి, తేమ వచ్చిన పెద్ద దారి పైపు కాదని చూపించగలిగాను.

ఇక్కడితో కేసు ముగిసిందనుకున్నాను. తేమ వచ్చిన దారి దొరికింది, మూసేశాను. అయితే మరుసటి వారం అరకు వెళ్లొచ్చాక ఆయన మళ్లీ వచ్చారు. లీవర్ జారలేదు. కాని దిగువకు వచ్చాక బండి తోస్తే బరువుగా ఉందని, డిస్క్ దగ్గర కాలిన వాసన వచ్చిందని చెప్పారు.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. నెల రోజులుగా నేను ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను: నీరు ఎక్కడిది? రెండో ప్రశ్న అడగనే లేదు: అంత వేడి ఎక్కడిది?

వేడి లెక్క

కొంచెం లెక్క వేసి చూడండి. బండి, ఇద్దరు మనుషులు, సంచి కలిపి 280 కిలోలు. దిగుదల 800 మీటర్లు అనుకుందాం. ఆ ఎత్తు నుంచి దిగడంలో వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 22 లక్షల జౌళ్లు. 30 డిగ్రీల నీటిని ఏడు లీటర్లకు పైగా మరిగే స్థితికి తేవడానికి అది చాలు. ఇందులో కొంత గాలి తీసుకుంటుంది, కొంత టైర్లు, చాలా భాగం ఇంజిన్ తీసుకోవాలి. మిగిలిందే బ్రేకుల వంతు.

"ఏ గేరులో దిగుతారు?" అని అడిగాను. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న.

"న్యూట్రల్‌లో అన్నా. పెట్రోలు కలిసొస్తుంది కదా."

ఇంజిన్ మోయాల్సిన భారమంతా అరచేతిలో పట్టేంత ప్యాడ్ల మీద పడింది. ఆయన ఒక్కరే కాదు, మన ఘాట్ రోడ్లలో ఎంతోమంది ఇలాగే దిగుతారు. పదో పరకో మిగిలే పెట్రోలు కోసం బ్రేకును మరిగిస్తున్నారు. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడామో దిగేటప్పుడు దాదాపు అదే గేరు, మూడు గాని రెండు గాని. పెద్దవాళ్లు లారీలకు చెప్పిన సూత్రమే ఇది.

కాని న్యూట్రల్ ఒక్కటే కారణమైతే, కింద చదునుకు వచ్చాక బండి బరువుగా తోయాల్సిన పని లేదు. బ్రేకు వదిలాక కూడా ఏదో పట్టి ఉంచుతోంది.

వదలని చేయి

ముందు చక్రం నేలకు తగలకుండా లేపి తిప్పాను. సాఫీగా తిరిగింది. రెండుసార్లూ ఇలాగే చూసి సరే అనుకున్నాను. ఈసారి బండి తీసుకుని ఆరేడు కిలోమీటర్లు మాటిమాటికీ ముందు బ్రేకు పడుతూ తిరిగి వచ్చి, వెంటనే చక్రం లేపాను. లీవర్ నొక్కి వదిలి చక్రం తిప్పితే సగం చుట్టులోనే ఆగిపోయింది. వేడెక్కితేనే బయటపడే లోపాన్ని చల్లటి బండిలో వెతికాను అంతవరకు.

చక్రాన్ని పట్టి ఉంచింది ద్రవమా, ఇనుమా అన్నది తేల్చాలి. క్యాలిపర్ జారే పిన్నులు తుప్పు పట్టినా ఇలాగే ఉంటుంది. నిపిల్ కొద్దిగా వదులు చేశాను. పిచికారీలా చిన్న చుక్క ఎగిరింది, చక్రం వెంటనే వదులైంది. అంటే లోపల ఒత్తిడి చిక్కుకుని ఉంది. పిన్నుల తప్పయితే నిపిల్ తీసినా చక్రం వదలదు.

ఇప్పుడు ఆ ఒత్తిడి ఎక్కడ చిక్కింది? లీవర్ దగ్గర ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్‌లో సూది మొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. లీవర్ వదిలినప్పుడు అదనపు ద్రవం డబ్బాలోకి తిరిగి వెళ్లే దారి అది. పాత ద్రవం గడ్డ కట్టి అది మూసుకుపోయినా చక్రం పట్టేస్తుంది. నిపిల్ బిగించి, మళ్లీ నొక్కి వదిలి, ఈసారి పైన మాస్టర్ సిలిండర్ దగ్గర హోస్ బోల్టును వదులు చేశాను, కింద గుడ్డ వేసి. చక్రం వదల్లేదు. పైన దారి తెరిచినా కింది ఒత్తిడి పైకి రాలేకపోతోందంటే, అడ్డు మధ్యలోని హోస్‌లోనే ఉంది. ఇంత సులువైన పరీక్ష. రెండు స్పానర్లు, ఒక గుడ్డ చాలు.

హోస్ విప్పి, బ్లేడుతో నిలువునా చీల్చాను. బయట పగుళ్లు పెద్దగా లేవు, చూస్తే ఇంకో రెండేళ్లు పనికొస్తుందనిపించేలా ఉంది. లోపల గోడ మాత్రం ఉబ్బి, ఒక చోట పెదవిలా పైకి లేచింది. చేతి బలం పెద్దది కాబట్టి నొక్కినప్పుడు ద్రవం ఆ పెదవిని తోసుకుని కిందికి పోతుంది. తిరిగి రావడానికి పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు బలమే ఆధారం. అది పిస్టన్‌ను వెనక్కి లాగేది వెంట్రుకంత దూరం. ఆ కొద్దిపాటి బలానికి పెదవి తెరుచుకోదు. వేడెక్కి ఇంకా ఉబ్బినప్పుడు అసలే తెరుచుకోదు. ప్యాడ్లు డిస్క్‌ను రాస్తూనే ఉంటాయి, ఇంకా వేడి పుడుతుంది, హోస్ ఇంకా ఉబ్బుతుంది.

ఏ పైపు, ఎందుకు

రబ్బరు హోస్‌కు ఆయువు ఉంటుంది. చాలా కంపెనీల మాన్యువళ్లు నాలుగేళ్లకోసారి మార్చమంటాయి, ద్రవం రెండేళ్లకోసారి. ఇక్కడ రెండు దారులు. కంపెనీ రబ్బరు హోసే కొత్తది వేయడం, లేదా లోపల టెఫ్లాన్ గొట్టం, బయట స్టీలు అల్లిక ఉన్నది వేయడం. ఆయన్ను కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొత్త రబ్బరు హోస్‌తో బండి పూర్తిగా సురక్షితమే, నాలుగేళ్లకు మార్చుకుంటే చాలు. టెఫ్లాన్ గొట్టంలోంచి తేమ చేరడం రబ్బరుతో పోలిస్తే బాగా తక్కువ. ఒత్తిడికి అది పెద్దగా ఉబ్బదు కాబట్టి లీవర్ కచ్చితంగా ఉంటుంది. అయితే డబ్బా వైపు నుంచి వచ్చే తేమను ఏ పైపూ ఆపదు. స్టీలు పైపు వేశాం కదా అని రెండేళ్లకు ద్రవం మార్చడం మానేస్తే, వేయకపోవడమే మేలు.

సముద్రపు గాలి, ఆరుబయట నిలిపే బండి, నెలనెలా ఘాట్ రోడ్డు. ఈ మూడూ చూసి ఆయన విషయంలో స్టీలు అల్లిక పైపుకే మొగ్గాను. మొదటి రోజు అడిగినదే వేశాను గాని, ఈసారి ఎందుకు వేస్తున్నామో ఇద్దరికీ తెలుసు.

మరో రెండు ప్రశ్నలు అడిగారు. డాట్ 5 నీరు పీల్చదట, అది పోయకూడదా? డాట్ 5 సిలికాన్ ద్రవం. అది నీటిని తనలో కలుపుకోదు, నిజమే. కాని ఎలాగో లోపలికి చేరిన నీరు అప్పుడు విడిగా ఒక మూల చేరుతుంది, అక్కడ 100 డిగ్రీలకే మరుగుతుంది, అక్కడే తుప్పు పట్టిస్తుంది. గ్లైకాల్ ద్రవం వాడిన బ్రేకులో దాన్ని కలపకూడదు. మరి డాట్ 5.1? పేరు దగ్గరగా ఉన్నా అది డాట్ 4 జాతిదే. మరిగే హద్దు ఎక్కువ, 260, తేమ చేరాక 180. పోయవచ్చు. ఈ బండికి మాత్రం డబ్బా మూత మీద డాట్ 4 అని ఉంది, సమయానికి మారిస్తే అదే చాలు.

మొదట తెప్పించిన పైపు వెనక్కి పంపాల్సి వచ్చింది. దాని మీద ఏ ప్రమాణం ముద్రా లేదు. తక్కువ ధరకు దొరికే వాటిలో రబ్బరు గొట్టానికే పైన స్టీలు అల్లిక తొడిగినవి ఉంటాయి. అవి మెరుస్తాయి గాని తేమను ఆపవు. దానితో వచ్చిన బోల్టు మర పిచ్, అంటే మరల మధ్య దూరం, కూడా వేరు. ఈ మాస్టర్ సిలిండర్‌కు కావాల్సింది 10 ఎంఎం బోల్టు, 1.25 పిచ్. వచ్చింది 1.0. చేత్తో తిప్పితే రెండు మరలు ఎక్కి ఆగింది. అక్కడ ఆగడం తెలియాలి. స్పానర్ వేసి బలవంతంగా తిప్పితే అల్యూమినియం మర చెడిపోయి మాస్టర్ సిలిండర్ మొత్తం పోతుంది.

రెండో పైపు మీద ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 106 (బ్రేకు గొట్టాలకు అమెరికా పెట్టిన భద్రతా ప్రమాణం) ముద్ర ఉంది, అల్లిక మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంది. ఆ పొర లేని అల్లిక ఫోర్కుకు, వైర్లకు రాసుకుంటే రంపంలా కోస్తుంది. ముందు చక్రం గాలిలో వేలాడదీసి ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు పైపు బిగుసుకోకుండా, హ్యాండిల్ ఇటు చివరి నుంచి అటు చివరికి తిప్పినప్పుడు మెలిపడకుండా, ఫోర్కు అణిగినప్పుడు టైరుకు తగలకుండా చూసి పొడవు, చివరల వంపు ఖాయం చేశాను. రాగి వాషర్లు నాలుగూ కొత్తవి. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి సరిగ్గా నలగదు, చెమ్మ ఊరుతుంది. బోల్టు బోలుగా ఉంటుంది కాబట్టి మాన్యువల్ చెప్పిన బలానికే, టార్క్ రెంచితో బిగించాను. క్యాలిపర్ విప్పి పిస్టన్ బయటికి తీస్తే అంచున తుప్పు మచ్చలు మొదలై ఉన్నాయి. పిస్టన్, సీళ్లు మార్చాను. జారే పిన్నులు శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు రాశాను. మామూలు గ్రీజు ఆ రబ్బరును ఉబ్బిస్తుంది. కిరోసిన్, పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ ఒక్క చుక్క కూడా లోపలికి పోకూడదు. మన షెడ్లలో సీళ్లు పెట్రోలుతో కడిగే అలవాటు ఇంకా ఉంది, అది మానాలి.

గాలి తీశాక లీవర్‌ను నొక్కి హ్యాండిల్‌కు రబ్బరు బ్యాండుతో కట్టి రాత్రంతా ఉంచాను. మొండి బుడగలు పైకి చేరడానికి ఇది నాకు బాగా ఉపయోగపడింది. పొద్దున మరోసారి కొద్దిగా గాలి తీశాను.

పరీక్ష

ఈసారి ఫోను కోసం ఎదురుచూడలేదు. ఒక ఆదివారం నా బండి మీద ఆయన వెనకే అనంతగిరి దాకా వెళ్లాను, వేడి కొలిచే గన్ను జేబులో పెట్టుకుని. దిగేటప్పుడు మూడో గేరు, ఇరుకు మలుపుల దగ్గర రెండు. బ్రేకు పట్టినప్పుడు గట్టిగా పట్టి పూర్తిగా వదలడం, రాస్తూ ఉంచకపోవడం. రెండు చోట్ల ఆగి డిస్క్ కొలిస్తే ఒకసారి 118, ఒకసారి 131 డిగ్రీలు. మెరిసే లోహం మీద ఆ గన్ను తక్కువ చూపిస్తుంది కాబట్టి ప్యాడ్ నల్లటి వీపును కూడా కొలిచాను. అదీ భయపడాల్సినంత లేదు. టీ దగ్గర కావాలనే పది నిమిషాలు ఆగి, లీవర్ నొక్కి చూశాం. గట్టిగానే ఉంది. కింద చదునులో బండి న్యూట్రల్‌లో పెట్టి తోస్తే ఒక వేలితో కదిలింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

మెత్తటి లీవర్‌తో బండి వస్తే ఇప్పుడు పానా పట్టకముందు పది నిమిషాలు మాట్లాడతాను. ఎక్కడ మెత్తబడింది, ఎంతసేపటికి తిరిగి గట్టిపడింది, ఏ గేరులో దిగారు, బండి ఎక్కడ కడిగిస్తారు. ఎప్పుడూ మెత్తగానే ఉంటే గాలి చేరిందనో, ఎక్కడో కారుతోందనో అనుమానిస్తాను. వేడిలో మాత్రమే మెత్తబడితే తేమను, దానితోపాటు వేడి మూలాన్ని కూడా వెతుకుతాను. ఒకటి దొరికిందని రెండోది వదలను. చక్రాన్ని చల్లగా ఒకసారి, వేడి చేసి ఒకసారి తిప్పి చూస్తాను.

ఏబీఎస్ ఉన్న బళ్లకు ఇదంతా వర్తిస్తుంది గాని, వాటిలో పైపులు ఎక్కువ, మధ్యలో ఒత్తిడిని అదుపు చేసే మాడ్యులేటర్ ఉంటుంది. దాని సన్నటి వాల్వుల్లో పాత ద్రవం, బుడగలు చిక్కుకుంటే కొన్ని మోడళ్లకు కంపెనీ పరికరం పెట్టి పంపు నడిపితేనే బయటికి వస్తాయి. ఆ పరికరం నా దగ్గర లేని మోడల్ వస్తే పైపు మార్చే పని ఒప్పుకోను, అది ఉన్న చోటికి పంపుతాను. తేమ వల్ల తుప్పు పట్టిన మాడ్యులేటర్ ధరతో పోలిస్తే రెండేళ్లకోసారి మార్చే ద్రవం ఖర్చు లెక్కలోకే రాదు.

వాటర్ వాష్ చేసే కుర్రాళ్లకు హ్యాండిల్ మీది డబ్బా వైపు గన్ను పెట్టవద్దని చెప్పమని ఇప్పుడు ప్రతి యజమానికీ చెబుతున్నాను. మూత తీసేముందు దాని చుట్టూ తడి, దుమ్ము తుడిచి, అవసరమైనంతసేపే తెరవాలి. వాన పడుతున్న రోజు ఆరుబయట ఆ మూత అసలు తీయకూడదు.

ఆ బండి 2025 అక్టోబరులో ద్రవం మార్చడానికి వచ్చింది. డబ్బా కింద నేను కట్టిన తారీఖు చీటీ ఎండకు వెలిసిపోయినా చదవడానికి వీలుగానే ఉంది. నిపిల్ నుంచి తీసిన ద్రవం డబ్బాలోని దానికంటే కొంచెం ముదురు రంగు, అంతే. అడుగున నలక లేదు. కొత్త సీసా ఆయన ఎదురుగానే సీలు తీశాను. పని పూర్తయ్యాక అరపై నుంచి చీల్చిన ఆ పాత హోస్ తీసి చూపించమన్నారు. వెంట తమ్ముడిని తీసుకొచ్చారు, అతని బండి కూడా ఆరేళ్లదే. ఆ కుర్రాడు హోస్ తెరిచి, లేచి ఉన్న పెదవిని వేలితో అటూ ఇటూ కదిపి చూసి, తన బండి కూడా స్టాండు మీదికి ఎక్కించాడు.